రెండు చుట్టలూ ఒకదానికొకటి తగలవు, మరి కరెంటు ఎలా దాటుతోంది? మా 63 కేవీఏ మళ్ళీ కాలింది

పొట్టదశ_వరి అడిగారు:

మాది జగిత్యాల వైపు ఊరు. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి, రెండేళ్ళ కింద పని మానేసి నాన్న దగ్గరికి వచ్చేశాను. మూడెకరాలు వరి. మా బావుల దగ్గర 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది (కేవీఏ అంటే అది ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత), దాని మీద పద్నాలుగు మోటార్లు నడుస్తాయి. ఈ యాసంగిలో అది కాలడం రెండోసారి. మొదటిసారి నాట్లప్పుడు. ఇప్పుడు వరి పొట్టకొచ్చింది, సరిగ్గా నీళ్ళు తప్పనిసరైన సమయం.

రైతులం తలా ఇంత వేసుకుని ట్రాక్టర్ మాట్లాడి రిపేరు షెడ్డుకి మేమే తీసుకెళ్ళాం. అక్కడ మూత తీసి లోపలిది క్రేనుతో పైకి లేపారు. నేను జీవితంలో మొదటిసారి చూశాను. నల్లటి నూనె కారుతోంది, మాడిన కాగితం వాసన. మూడు ఇనుప స్తంభాలు, ఒక్కోదాని చుట్టూ లోపల లావు తీగ చుట్ట, దాని బయట సన్న తీగ చుట్ట. "ఈ రెండిటికీ మధ్య ఎక్కడా అతుకు లేదు, కాగితం, అట్ట, నూనె మాత్రమే" అన్నాడు అక్కడి కుర్రాడు. నేను నమ్మలేదు. మళ్ళీ అడిగితే నవ్వాడు.

అప్పటినుంచీ నిద్ర పట్టట్లేదు. నా డౌట్లు ఇవి. తీగ తగలకుండా 11 వేల వోల్టుల వైపు నుంచి మా మోటారుకి కరెంటు ఎలా వస్తోంది? మేం కింద మోటారు వేసిన సంగతి పైనున్న 11 వేల వోల్టుల చుట్టకి ఎలా తెలుస్తోంది? ఫ్యూజు ఎగరలేదు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కాలింది, అదెలా? ఊళ్ళో ఒకాయన "నూనె తక్కువ పోశారు" అంటాడు, ఇంకొకాయన "అల్యూమినియం తీగ పెట్టారు, రాగి అయితే కాలేది కాదు" అంటాడు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. నేను కామర్స్ చదివాను, ఫిజిక్స్ పదో తరగతిలోనే వదిలేశాను.

---

పవర్_స్టార్_2 రాశారు:

ఓవర్ లోడ్ బ్రో. ఇంత పెద్ద పోస్టు అవసరమా. 100 కేవీఏ పెట్టించుకోండి, అయిపోద్ది.

---

సైన్సు_సారు రాశారు:

ఓవర్ లోడ్ అన్నది నిజమే కావచ్చు, కానీ ఆయన అడిగింది అది కాదు. నేను ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మొదటి రెండు ప్రశ్నలు నాకు వదిలెయ్యండి.

1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే ఒక మెత్తని ఇనుప కడియం తీసుకున్నాడు. ఆరంగుళాల వెడల్పు. దాని ఒక సగానికి ఒక తీగ, రెండో సగానికి ఇంకో తీగ చుట్టాడు. తీగలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో నూలుగుడ్డ పెట్టాడు. మీరు షెడ్డులో చూసిన కాగితం చేసే పని ఆ రోజు గుడ్డ చేసిందన్నమాట. మొదటి చుట్టకి బ్యాటరీ కలిపాడు. రెండో చుట్ట దగ్గర పెట్టిన అయస్కాంత సూది ఒక్కసారి ఉలిక్కిపడి మళ్ళీ మామూలుగా నిలబడిపోయింది. బ్యాటరీ కలిపే ఉంది, సూదిలో మాత్రం చలనం లేదు. బ్యాటరీ తీసేసినప్పుడు మళ్ళీ ఉలిక్కిపడింది, ఈసారి అటువైపు.

అసలు కిటుకు అక్కడే ఉంది. తీగలో కరెంటు పారితే ఇనుములో అయస్కాంతత్వం పుడుతుంది. ఆ అయస్కాంతత్వం మారుతున్నంతసేపే రెండో తీగలో వోల్టేజీ పుడుతుంది. నిలకడగా ఉంటే ఏమీ పుట్టదు. మన లైనులో వచ్చేది ఏసీ, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. కాబట్టి ఇనుములో అయస్కాంతత్వం ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండదు, రెండో చుట్టలో వోల్టేజీ ఆగకుండా పుడుతూనే ఉంటుంది. లైను వైపున్న పై చుట్టలో నుంచి మోటార్ల వైపున్న కింది చుట్టలోకి కరెంటు దాటిపోవడం లేదు. పై చుట్ట ఇనుముని ఊపుతోంది, ఇనుము కింది చుట్టలో కొత్తగా కరెంటు పుట్టిస్తోంది.

మా తొమ్మిదో తరగతి పిల్లాడొకడు పాత బ్యాటరీ ఎలిమినేటర్‌లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, 12 వోల్టుల వైపు స్కూటర్ బ్యాటరీ పెట్టి, "సార్, రెండో వైపు ఏమీ రావట్లేదు" అని ఆ తీగలు రెండూ చేత్తో పట్టుకున్నాడు. నిజంగానే ఏమీ రాలేదు. పక్కవాడు బ్యాటరీ తీగ లాగిన మరుక్షణం వీడు ఎగిరి బెంచీ మీద పడ్డాడు. ఫారడే సూది ఉలిక్కిపడింది చూశారా, అదే. (ఎవరూ ఇంట్లో చేసి చూడొద్దు. నాకు ఆ రోజు సగం ప్రాణం పోయింది.)

ఇక రెండో ప్రశ్న. నా దృష్టిలో మీ ప్రశ్నల్లో గొప్పది ఇదే. కింద మోటారు వేస్తే పై చుట్టకి ఎలా తెలుస్తుంది? ఇనుములో ఊగే అయస్కాంతత్వం కింది చుట్టలో మాత్రమే కాదు, తనని పుట్టించిన పై చుట్టలో కూడా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. తాడు లాగుడు పోటీ అనుకోండి. లైను 11 వేల వోల్టులతో ఇటు లాగుతోంది, ఎదురు వోల్టేజీ దాదాపు అంతే బలంతో అటు లాగుతోంది. మోటార్లన్నీ ఆపేసి ఉంటే రెండు జట్లూ దాదాపు సమానం, లైను నుంచి వచ్చే కరెంటు చాలా స్వల్పం. మీరు మోటారు వేయగానే కింది చుట్టలో కరెంటు పారుతుంది. ఆ కరెంటు కూడా ఇనుములో తన అయస్కాంతత్వం పుట్టిస్తుంది, అది మొదటిదానికి అడ్డం వస్తుంది. దాంతో ఎదురు జట్టు పట్టు కాస్త సడలుతుంది. లైను వైపు నుంచి ఇంకొంచెం కరెంటు దూసుకొస్తుంది, ఇనుము మళ్ళీ మొదటి స్థితికి వచ్చేదాకా. కబురు మోసింది ఇనుమే. ఇంకో తీగ అక్కర్లేదు.

ఇలా మూసుకున్న ఇనుప గుండె మీద చుట్టలు చుట్టి ఊరికి కరెంటు పంచే పద్ధతిని 1885లో బుడాపెస్ట్‌లో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతి, డేరీ అనే ముగ్గురు తీసుకొచ్చారు. మీ బావి దగ్గర ఉన్నదీ మూలసూత్రంలో అదే.

---

చుట్టల_అక్క రాశారు:

సారు బాగా చెప్పారు, నాకే ఇన్నేళ్ళకి తాడు లాగుడు అర్థమైంది. నేను చదివింది పదో తరగతి. మా ఊరి ఆటోనగర్‌లో ఒక రిపేరు షెడ్డులో పంతొమ్మిదేళ్ళు కాయిల్స్ చుట్టాను. తమ్ముడూ, నీ ట్రాన్స్‌ఫార్మర్ లాంటివి నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో లెక్క లేదు. కాబట్టి కాలడం గురించి నేను చెబుతా.

ముందు చుట్ల లెక్క. 63 కేవీఏలో ఒక్కో చుట్టుకి సుమారు మూడున్నర వోల్టులు పడేలా చుడతాం. కింది చుట్టకి ఫేజుకి, అంటే మూడు స్తంభాల్లో ఒక్కోదాని మీద, 250 వోల్టులు కావాలి, అంటే 70 చుట్లు. పైది 11 వేలు, 250కి 44 రెట్లు, అంటే 3,080 చుట్లు. డిజైన్‌ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది. లోపలి 70 చుట్లు లావు పట్టీ తీగతో, కాగితం చుట్టి ఉంటుంది. బయటి 3,080 చుట్లు అగరొత్తి పుల్లంత సన్న తీగతో. అంత సన్నం ఎందుకు సరిపోతుందంటే వోల్టేజీ 44 రెట్లు ఉన్న వైపు కరెంటు 44వ వంతే చాలు. ఏతం తెలుసుగా, పొడుగు కొస పట్టుకున్నవాడికి బలం తక్కువ చాలు, కానీ ఎక్కువ దూరం నడవాలి. బయటి చుట్టలో 1.9 ఆంపియర్లు పారితే నీ వైపు 84 ఆంపియర్లు. ఈ 84 గుర్తు పెట్టుకో, ఇక ముందు చెప్పేవన్నీ దీని మీదే.

మెషీన్ మీద కౌంటర్ ఉంటుంది, అయినా నేను నోటితో కూడా లెక్కపెట్టేదాన్ని. మధ్యలో ఎవరైనా "అక్కా, టీ" అంటే చేత్తో ఆగమని చూపించేదాన్ని. ఎందుకంటే చుట్ల లెక్క తప్పితే రెండు వైపుల వోల్టేజీ ఎన్ని రెట్లో చూసే రేషియో టెస్టులో దొరికిపోతాం, అది పరవాలేదు, మళ్ళీ చుడతాం. తీగ మీద పూత గీసుకుపోతేనే అసలు ప్రమాదం. పక్కపక్క రెండు చుట్లు ఒకదానికొకటి ముట్టుకున్నాయనుకో, ఆ ఒక్క చుట్టు మూసుకున్న ఉంగరం అయిపోతుంది. దానిలో పుట్టేది మూడున్నర వోల్టులే, టార్చిలైటంత. కానీ దారిలో నిరోధం దాదాపు సున్నా, కాబట్టి కరెంటు వందల్లో పారుతుంది. ఆ ఉంగరం ఎర్రగా కాలి పక్క చుట్టు కాగితాన్ని మాడుస్తుంది, అది మూడోదాన్ని. గంటలోపు మొత్తం కాయిల్ గోవిందా. షెడ్డుకి వచ్చిన వాటిని విప్పితే చాలాసార్లు ఒకే చోట నల్లటి గుంట కనిపిస్తుంది, మిగతాదంతా బాగానే ఉంటుంది. మొదట ముట్టుకున్న రెండు చుట్లు అక్కడున్నాయని అర్థం.

మరి కొత్తగా చుట్టినదానిలో చుట్లు ఎందుకు ముట్టుకుంటాయి? వేడి వల్ల. తీగ మీద ఉన్న కాగితం, పూత వేడికి పెళుసవుతాయి. వేడి ఒక హద్దు దాటాక ప్రతి ఆరు డిగ్రీలకీ కాగితం ఆయుష్షు సగమవుతుందని మా సూపర్‌వైజర్ సారు చెప్పేవారు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు, ఇది కూడా గుర్తు పెట్టుకో. 84 ఆంపియర్ల మీద నీ 63 కేవీఏ తీగల్లో సుమారు ఒక వెయ్యి వాట్లు వేడిగా పోతుంది, అంటే బకెట్లో పెట్టే నీళ్ళ హీటరు ఒకటి ఆ నూనెలో ఉన్నట్టు. 120 ఆంపియర్లు లాగితే హీటర్లు రెండు.

ఫ్యూజు ఎందుకు ఎగరలేదంటావా. ఫ్యూజు కరెంటుని చూస్తుంది, నూనె వేడిని కాదు. 120 దానికి చిన్న విషయం, అది కాచుకుని కూర్చునేది షార్ట్ సర్క్యూట్ కోసం. నూనె మాత్రం గంట తర్వాత గంట ఉడుకుతూనే ఉంటుంది. ఇది సరైన ఫ్యూజు తీగ వేసినప్పటి మాట. మీ పెట్టెలో ఏముందో ఒకసారి చూడు. మేం ఊళ్ళకి వెళ్ళినప్పుడు అల్యూమినియం తీగ నాలుగు పోగులు మెలేసి కట్టినవి చూశాం. ఒక చోట సైకిల్ చువ్వ చూశాను. ఆ ఊరివాళ్ళు "మా ఫ్యూజు ఎప్పుడూ పోదక్కా" అని గొప్పగా చెప్పారు. పోదు మరి, ట్రాన్స్‌ఫార్మరే పోతుంది.

నూనె మాట. నూనె రెండు పనులు చేస్తుంది: వేడిని మోసుకుని పక్క గొట్టాల్లో తిరిగి చల్లబడుతుంది, తీగల మధ్య కరెంటు దూకకుండా ఆపుతుంది. తక్కువైతే కాయిల్ పై భాగం బయటపడి అక్కడే మాడుతుంది, ఆ ఊరాయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అంతకన్నా తడి పెద్ద శత్రువు. నూనె టెస్టులో రెండున్నర మిల్లీమీటర్ల ఎడంలో రెండు గుండ్లు పెట్టి, మధ్య నూనె పోసి, వోల్టేజీ పెంచుతూ పోతాం. శుభ్రమైన నూనె 50 వేల వోల్టులకి కూడా నిలబడుతుంది. తడి తగిలినది 20 వేలకే టప్పుమంటుంది. పక్కన గాజు డబ్బాలో గింజలు ఉంటాయి, చూశావా? ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి చల్లబడినప్పుడు పీల్చే గాలిలో తడిని అవి పడతాయి. నీలంగా ఉంటే బాగున్నట్టు, గులాబీ రంగుకి తిరిగితే తడితో నిండిపోయినట్టు. (ఇప్పుడు నారింజ రంగు గింజలు కూడా వస్తున్నాయి, అవి ఆకుపచ్చకి తిరుగుతాయి.)

అల్యూమినియమా రాగా అంటే, రాగి మంచిదే, సన్నగా చుట్టొచ్చు. కానీ అల్యూమినియం తీగ దానికి తగ్గ లావు పెడితే 84 ఆంపియర్లు హాయిగా మోస్తుంది. రాగి పెట్టినవి దొంగలు నూనె పారబోసి ఎత్తుకుపోతుంటారు, అది ఇంకో తలనొప్పి. 120 లాగితే రాగీ కాలుతుంది, బంగారమూ కాలుతుంది.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ పద్నాలుగు మోటార్లు ఎంతెంత హెచ్‌పీ? కరెంటు రాగానే మోటారుని దానంతటదే లేపే ఆటోస్టార్టర్లు ఎన్నిటికి?

---

పొట్టదశ_వరి రాశారు:

అక్కా, నీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. సైకిల్ చువ్వ దగ్గర ఆయన ముఖం మారింది, ఏమీ అనలేదు.

ఊరంతా తిరిగి రాసుకొచ్చాను. 5 హెచ్‌పీవి తొమ్మిది, ఏడున్నరవి ఐదు. కాగితం మీద పద్నాలుగూ ఐదే. నీళ్ళు కిందికి పోయిన కొద్దీ ఒక్కొక్కరూ మార్చుకున్నారు. తీగకి తగిలించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ ఉన్న ఒకతన్ని పిలిచి కొలిపిస్తే 5 హెచ్‌పీ ఏడున్నర, ఏడున్నర హెచ్‌పీ పదకొండు ఆంపియర్లు అటూ ఇటూ. అన్నీ కలిపితే 122. లెక్కలు రాసినవాణ్ణి, ఈ ఒక్క కూడిక నాకు ఎప్పుడో రావాల్సింది.

ఆటోస్టార్టర్లు పదకొండు. వాటితో ఏం సంబంధం?

---

కాకా_లైన్ రాశారు:

బిడ్డా, దాంతోనే అసలు సంబంధం. నేను లైన్‌మన్‌గా చేసి రిటైరైన.

కరెంటు పోయి వచ్చిందనుకో. పదకొండు మోటార్లు ఒక్క క్షణంలో లేస్తయి. ఆగి ఉన్న మోటారు లేచేటప్పుడు మామూలుకి ఐదారు రెట్లు లాగుతది. అంటే నీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఆ క్షణాన ఐదు వందల పైన ఆంపియర్లు అడుగుతున్నరు. వోల్టేజీ అక్కడే కూలబడతది. వోల్టేజీ తగ్గితే మోటారు లాగే బలం అంతకన్నా ఎక్కువ తగ్గుతది, పావు వంతు పడితే బలం సగానికి వచ్చినట్టే. లేవలేవు, లేవలేక గుంజుతనే ఉంటయి. ఒక్కొక్కటి లేస్తే రెండు సెకన్ల పని, అన్నీ కలిసి లేస్తే అరనిమిషం. నేను డ్యూటీలో ఉండగా ఆ మూలుగు చెవితో విన్న. మామూలుగా ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుయ్యిమంటది, ఇనుము సెకనుకి వందసార్లు సాగి ముడుచుకునే చప్పుడది. లోడు పడ్డప్పుడు చుట్టలు ఒకదాన్నొకటి నూకుకుంటయి, చప్పుడు బరువెక్కుతది. చుట్టల అక్క చెప్పిన పూత గీసుకుపోవుడు అక్కడ మొదలైతది.

2018 జనవరి నుంచి మన దగ్గర బావులకి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసెయ్యమని ఊరూరా చెప్పింది ఇందుకే. భూమిలో నీళ్ళు ఊరకముందే ఖాళీ కావొద్దని కూడా. ఇంకో పని, మోటార్లకి కెపాసిటర్లు పెట్టుకోండ్రి, 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ సైజుది. నీళ్ళు అంతే వస్తయి, లైను మీద కరెంటు తగ్గుతది.

సారు, అక్క చెప్పని ముచ్చట ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందూ వెనకా తెల్వది. పైన పదకొండు వేలు ఇస్తే కింద 250 వస్తది కదా, కింద 230 ఇస్తే పైన 10 వేలు వస్తది. అదే 44 లెక్క. ఒకసారి ఒక ఫంక్షన్ హాలుకి విడిగా ట్రాన్స్‌ఫార్మర్ ఉండె. పైన లైనుని విడదీసే ఏబీ స్విచ్ తీసి నేను స్తంభం ఎక్కుదామని నిచ్చెన వేసిన. కింద పెళ్ళివాళ్ళు కరెంటు పోయిందని జనరేటర్ వేసిన్రు, మెయిన్ స్విచ్ మాత్రం దించలేదు. ఎక్కేముందు లైనుని భూమికి కలిపే డిశ్చార్జ్ రాడ్డు లైనుకి తగిలించే అలవాటు ఉండబట్టి రాడ్డు దగ్గర మంట చూసిన. తగిలించకపోతే ఈ పోస్టు రాసేటోన్ని కాదు. జనరేటర్, ఇన్వర్టర్ ఎవరు పెట్టుకున్నా, లైనూ అదీ ఒక్కసారే కలవకుండ ఆపే ఛేంజోవర్ స్విచ్ పెట్టుకోండ్రి. ఫ్యూజు మీరు వేసుడు బంద్ చెయ్యిండ్రి. ఏబీ స్విచ్ తీసినం కదా అనుకుంటరు, దాని మూడు బ్లేళ్ళల్ల రెండే ఊడి మూడోది అంటుకుని ఉండుడు నేను ఎన్నో చూసిన. కింద నిలబడి చూస్తే తెల్వది.

---

పవర్_స్టార్_2 రాశారు:

సారీ బ్రో. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ (ఈఈఈ) చదివాను, అక్క చెప్పిన చుట్టుకి చుట్టు ముట్టుకోవడం, అదే టర్న్ టు టర్న్ షార్ట్ అన్నది పరీక్షలో రెండు మార్కులకి రాశాను. మూడున్నర వోల్టులు అని ఎప్పుడూ అనుకోలేదు.

---

పొట్టదశ_వరి రాశారు:

అందరికీ థాంక్స్. నిన్న ట్రాన్స్‌ఫార్మర్ తిరిగొచ్చింది. ఎక్కించకముందే గద్దె దగ్గర పద్నాలుగు ఇళ్ళవాళ్ళం కూర్చున్నాం. ఏడు మోటార్లు పొద్దున, ఏడు మధ్యాహ్నం అని వంతులు రాశాను. ఏడున్నరవి ఐదూ ఒకే పూట పడకుండా చూశాను, ఇప్పుడు ఎక్కువలో ఎక్కువ 63 ఆంపియర్లు. లోడు ఉన్నది ఉన్నట్టు రాసి ఇంకో 25 కేవీఏ కోసం దరఖాస్తు పెట్టాం. ఇద్దరు మాత్రం "మా పొలం చివర్న ఉంది, మాకు వంతులు కుదరవు" అన్నారు. మాటా మాటా పెరిగింది. చివరికి ఒకాయన ఒప్పుకున్నాడు, రెండో ఆయన ఇంకా మాట్లాడట్లేదు.

లైన్‌మన్ అన్న ఫ్యూజు పెట్టె తెరిచి సరైన తీగ వేశాడు. పాతది చేతిలోకి తీసుకుని చూశాను. అల్యూమినియం, ఐదు పోగులు. వేసింది నాన్నే. గాజు డబ్బాలో గింజలు గులాబీ రంగువి ఉంటే మార్చమన్నాను, నీలంవి పోశారు. ఆటోస్టార్టర్లు పదకొండులో ఎనిమిది తీశాం.

కాకా, నువ్వన్న మూలుగు వినాలని రాత్రి కరెంటు వచ్చే టైముకి అక్కడే నిలబడ్డాను. సన్నగా గుయ్యిమనే వినిపించింది.